66048 నంబరు ఖాతాలు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల సర్వర్లు చూసుకునే రాత్రి షిఫ్టుల్లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో, 2016లో, ఓ రాత్రి పాత ఖాతాల లెక్క తీస్తుంటే ఒక వరుస దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఖాతా పేరు ముందు ‘ఎస్‌వీసీ’ అని ఉంది. అంటే అది మనిషిది కాదు, ఏదో సాఫ్ట్‌వేర్‌ది. బాధ్యులెవరో రాయాల్సిన గడి ఖాళీ. పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పే గడిలో 1294462తో మొదలయ్యే 18 అంకెల సంఖ్య. దాని పక్కన 66048.

విండోస్ డైరెక్టరీ కాలాన్ని మనలా లెక్కపెట్టదు. 1601 జనవరి 1 నుంచి గడిచిన సమయాన్ని సెకనులో కోటవ వంతు చొప్పున కొలుస్తూ పోతుంది. మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌లో లీపు సంవత్సరాల క్రమం 400 ఏళ్లకోసారి తిరిగి మొదలవుతుంది. అలాంటి ఒక చక్రం 1601లో మొదలైంది కాబట్టి అక్కణ్నుంచి లెక్క పెట్టుకుంటే సుళువు. చార్మినార్ కట్టి పదేళ్లయిన నాటి నుంచి నడుస్తున్న ఆ లెక్కను మన తేదీలోకి మారిస్తే 2011 మార్చి 15 ఉదయం అని తేలింది. ఇక 66048 రెండు సంఖ్యల మొత్తం. 512 అంటే మామూలు ఖాతా. 65536 అంటే దీని పాస్‌వర్డ్‌కు గడువు తీరదు.

పక్క సీట్లో ఉన్న సీనియర్‌ని అడిగాను. “అన్నా, ఈ ఖాతా ఎవరిది?”

“ఎవరిదో తెల్వదు తమ్మీ. నడుస్తుంది గదా, ముట్టుకోకు.”

ఆయన అజాగ్రత్త మనిషి కాదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. తెలిసినవాళ్లే ముట్టుకోవద్దని ఎందుకంటారో అర్థం కావడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. సర్వీస్ ఖాతాల భద్రతలో అసలు చిక్కు పాస్‌వర్డ్ ఎంత బలమైనది అన్నదాని కంటే, దాన్ని మార్చే ధైర్యం ఎవరికైనా ఉందా అన్నదాని దగ్గరే ఉందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ముందు డైరెక్టరీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఊరికి పహాణీ ఎలాంటిదో కంపెనీకి డైరెక్టరీ అలాంటిది. ఏ సర్వే నంబరు ఎవరిదో పహాణీ చెప్పినట్టు, ఎవరు ఏ ఉద్యోగి, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఏ కంప్యూటర్ మీద ఎవరికి ఏ హక్కు ఉంది అన్నదంతా ఇందులో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దీన్ని యాక్టివ్ డైరెక్టరీ పేరుతో 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు తెచ్చింది. ఆ డైరెక్టరీ పరిధిని డొమైన్ అనీ, డైరెక్టరీని ఉంచే సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్ అనీ అంటారు. పొద్దున ఉద్యోగి లాగిన్ అయ్యేటప్పుడు అవునో కాదో చెప్పేది అదే.

అది పోతే ఏమవుతుందో 2017 జూన్ 27న మెర్స్క్ షిప్పింగ్ కంపెనీ చూసింది. నాట్‌పెట్యా అనే మాల్‌వేర్, కంప్యూటర్ల మెమరీలో మిగిలిన పాస్‌వర్డ్‌లను ఏరుకుంటూ ఒకదాన్నుంచి ఒకదానికి పాకి, ప్రపంచమంతటా ఉన్న ఆ కంపెనీ డొమైన్ కంట్రోలర్లను తుడిచేసింది. సుమారు 150 కంట్రోలర్లు ఒకదానికొకటి నకలు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్న భరోసాతో అమర్చినవి. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. చివరికి ఘానాలో ఒకే ఒక్కటి దొరికింది. దాడికి ముందు అక్కడ కరెంటు పోయి ఆ మిషన్ నెట్‌వర్క్ నుంచి తెగిపోవడం వల్ల బతికింది. ఘానా ఆఫీసు నెట్ వేగం సరిపోక, ఆ డేటాను మనుషులే చేతులు మార్చుకుంటూ విమానంలో ఇంగ్లండ్ చేర్చారు. లక్షల కంటైనర్లు తిప్పే కంపెనీ మళ్లీ లేచి నిలబడటానికి ఆ ఒక్క డిస్క్ ఆధారమైంది.

ఇంత ముఖ్యమైన పహాణీలో రోజూ ఎవరో ఒకరు రాస్తూనే ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు ఖాతా తెరవాలి, మానేసినవాళ్లది మూసేయాలి, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు రీసెట్ చేయాలి. వేలమంది ఉన్న చోట ఇది చేత్తో చేసే పని కాదు కాబట్టి దానికి వేరే సాఫ్ట్‌వేర్ పెడతారు. హెచ్‌ఆర్ విభాగం నుంచి రాత్రి రెండింటికి జాబితా వస్తే, అది డైరెక్టరీలోకి లాగిన్ అయి పనంతా ముగించేస్తుంది. ఆ లాగిన్ కోసం ఇచ్చే ఖాతాయే సర్వీస్ ఖాతా.

రాత్రి రెండింటికి అక్కడ పాస్‌వర్డ్ టైప్ చేసే మనిషి ఉండడు. సాఫ్ట్‌వేర్‌కు వేలిముద్ర లేదు, ఓటీపీ వచ్చే ఫోను లేదు. అందుకని దాని పాస్‌వర్డ్‌ను ముందే ఎక్కడో రాసిపెట్టాలి. తాళంచెవి దాచిన చోటు ఇంకెవరికీ తెలియకూడదు, కానీ అవసరమైనప్పుడు ఒక ప్రోగ్రామ్ దాన్ని తనంతట తాను తీసుకోగలగాలి. ప్రోగ్రామ్ తీసుకోగలిగితే, ఆ ప్రోగ్రామ్ ఉన్న మిషన్‌ను పట్టినవాడూ తీసుకోగలడు. విండోస్ సర్వీసుల పాస్‌వర్డ్‌లను రిజిస్ట్రీలో ఎల్‌ఎస్‌ఏ సీక్రెట్స్ అనే మరుగైన చోట, ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. కానీ దాన్ని విప్పే కీ కూడా ఆ మిషన్‌లోనే ఉండక తప్పదు కదా. ఆ సర్వర్ మీద అడ్మిన్ హక్కు సంపాదించినవాడు దాన్ని మామూలు అక్షరాల్లో చదువుకోగలడు. ఒకే సర్వీస్ ఖాతాను నలభై సర్వర్ల మీద వాడితే, దాని రహస్యం ఆ నలభైలో అన్నిటికంటే బలహీనమైన సర్వర్ ఎంత భద్రంగా ఉందో అంతే భద్రంగా ఉంటుంది.

దాచుకునే చోటు తప్పితే ఎలా ఉంటుందో చూడటానికి గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ కథ తెలుసుకోవాలి. విండోస్ సర్వర్ 2008తో వచ్చిన సౌకర్యమది. అన్ని కంప్యూటర్లలోని లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ, సర్వీసుల పాస్‌వర్డ్‌లనూ ఒకే చోటి నుంచి పెట్టేయొచ్చు. పెట్టిన పాస్‌వర్డ్ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఎన్‌క్రిప్ట్ అయి, డొమైన్‌లో ఎవరైనా చదవగలిగే సిస్‌వోల్ అనే ఫోల్డర్‌లో కూర్చునేది. వాడింది 256 బిట్ల ఏఈఎస్, చాలా గట్టి తాళం. అయితే దాని కీ ప్రపంచంలోని అన్ని డొమైన్లకూ ఒక్కటే. ఆ కీని మైక్రోసాఫ్టే తన సాంకేతిక పత్రాల్లో అచ్చువేసింది. 2014 మేలో ఎంఎస్14-025 అనే అప్‌డేట్‌తో కొత్త పాస్‌వర్డ్‌లు అలా పెట్టకుండా ఆపారు. అంతకుముందు పెట్టినవాటిని మాత్రం అది చెరపలేదు. వెతికి చెరపాల్సిన పని ఆ డొమైన్ చూసుకునేవాళ్ల మీదే పడింది. అప్‌డేట్ వచ్చాక చాలాకాలానికి కూడా ఇలాంటి ఫైళ్లు నేను నా చేతులతో తీసేశాను.

అయినా ఫైళ్లూ రిజిస్ట్రీ ఏదీ ముట్టుకోకుండానే సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ రాబట్టే దారి ఒకటుంది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది అదే. అది అర్థం కావాలంటే కెర్బెరోస్ గురించి కొంచెం తెలియాలి.

1978లో రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి ప్రతిపాదించారు. నెట్‌వర్క్‌లో ఇద్దరు ఒకరినొకరు నమ్మాలంటే, ఇద్దరి రహస్యాలూ తెలిసిన మూడో వ్యక్తిని మధ్యవర్తిగా పెట్టుకోవచ్చు అన్నది దాని సారం. 1980ల్లో అమెరికాలోని ఎంఐటీలో ప్రాజెక్ట్ అథీనా కింద దాన్ని పెంచి కెర్బెరోస్ తయారుచేశారు. గ్రీకు పురాణంలో పాతాళ ద్వారం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్క పేరది. యాక్టివ్ డైరెక్టరీ దీన్నే స్వీకరించింది.

పద్ధతి ఇలా ఉంటుంది. మీకు ఒక డేటాబేస్ సర్వీస్ కావాలి. మీరు డొమైన్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లి ఆ సర్వీస్‌కు టికెట్ ఇమ్మంటారు. అది టికెట్ రాసి, ఆ సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ నుంచి పుట్టిన కీతో బిగించి మీ చేతికిస్తుంది. మీరు దాన్ని విప్పలేరు. తీసుకెళ్లి సర్వీస్‌కు ఇస్తే, అది తన కీతో విప్పి మీరెవరో తెలుసుకుంటుంది. మీ పాస్‌వర్డ్ సర్వీస్‌కు తెలియలేదు, సర్వీస్ పాస్‌వర్డ్ మీకు తెలియలేదు. చాలా అందమైన ఏర్పాటు.

ఇందులో డొమైన్ కంట్రోలర్ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ సర్వీస్ వాడుకునే హక్కు మీకుందా లేదా అని అది చూడదు. అది సర్వీస్ చూసుకోవాల్సిన సంగతి. కాబట్టి డొమైన్‌లో ఏ చిన్న ఉద్యోగి అయినా, ఆ ఉద్యోగి ల్యాప్‌టాప్‌ను పట్టిన దొంగ అయినా, ఏ సర్వీస్‌కైనా టికెట్ అడిగి తీసుకోవచ్చు. తీసుకుని సర్వీస్ దగ్గరికి వెళ్లకుండా నేరుగా ఇంటికి పట్టుకుపోవచ్చు. అక్కడ తీరిగ్గా కూర్చుని, ఊహించిన ఒక్కో పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసి టికెట్ విప్పుకుంటుందేమో చూస్తూ పోవచ్చు. తప్పు పాస్‌వర్డ్ కొట్టారని ఖాతా లాక్ కాదు, ఎందుకంటే ఈ ఊహలేవీ సర్వర్ దాకా వెళ్లవు. టిమ్ మెడిన్ అనే భద్రతా నిపుణుడు 2014లో డెర్బీకాన్ సదస్సులో దీన్ని వివరించి కెర్బెరోస్టింగ్ అని పేరుపెట్టాడు.

దొంగ పని ఎంత తొందరగా అవుతుందన్నది కీ ఎలా తయారైందన్న దాని మీద ఉంటుంది. పాత పద్ధతిలో టికెట్‌ను ఆర్‌సీ4తో బిగిస్తారు. దాని కీ, పాస్‌వర్డ్‌ను ఎండీ4 అనే హ్యాష్‌లో ఒక్కసారి తిప్పితే వచ్చేది. ఇవి రెండూ రాన్ రివెస్ట్ రూపొందించినవే, ఒకటి 1987లో, రెండోది 1990లో. ఆ కాలానికి సరిపోయాయి. నేటి గ్రాఫిక్స్ కార్డులకు ఆ ఒక్క తిప్పు ఒక లెక్క కాదు. కొత్త పద్ధతి ఏఈఎస్‌లో పాస్‌వర్డ్‌కు డొమైన్ పేరు, ఖాతా పేరు కలిపి 4096 సార్లు తిప్పుతారు. ఒక్కో ఊహకు దొంగ పెట్టాల్సిన శ్రమ అన్ని రెట్లు పెరుగుతుంది. మనుషులు పెట్టుకునే ‘కంపెనీ పేరు, యాట్, ఏడాది’ లాంటి పాస్‌వర్డ్‌లు ఎలాగూ నిలవవు. కానీ మధ్యరకం పాస్‌వర్డ్ దొరకడానికీ దొరకకపోవడానికీ ఆ 4096 చాలా తేడా తెస్తుంది.

ఇక్కడ నా 2011 నాటి ఖాతా మళ్లీ గుర్తొస్తుంది. విండోస్ డొమైన్లలో ఏఈఎస్ వచ్చింది సర్వర్ 2008తో. డొమైన్ ఆ స్థాయికి ఎదిగినంత మాత్రాన పాత ఖాతాలకు ఏఈఎస్ కీ పుట్టదు. పాస్‌వర్డ్ మార్చినప్పుడే పుడుతుంది, ఎందుకంటే అసలు పాస్‌వర్డ్ డైరెక్టరీ చేతికి వచ్చేది ఆ ఒక్క క్షణంలోనే. మా డొమైన్ 2012 దాకా పాత స్థాయిలోనే ఉంది. అంటే ఆ ఖాతాకు ఆర్‌సీ4 కీ తప్ప మరోటి లేనే లేదు. ముట్టుకోకుండా వదిలేయడం వల్ల అది పాతబడటమే కాదు, చుట్టూ వచ్చిన మెరుగుదల ఏదీ దానికి అందలేదు.

2024 మేలో అమెరికాలో అసెన్షన్ అనే ఆస్పత్రుల సంస్థ మీద దాడి జరిగింది. దాదాపు 56 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. దొంగలు వాడిన దారుల్లో కెర్బెరోస్టింగ్ ఒకటని సెనేటర్ రాన్ వైడెన్ 2025 సెప్టెంబర్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు రాసిన లేఖలో చెప్పారు. ఆర్‌సీ4ను ఇంకా డిఫాల్ట్‌గా ఉంచినందుకు మైక్రోసాఫ్ట్‌ను తప్పుపట్టారు. డొమైన్ కంట్రోలర్లలో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేస్తామని ఆ ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

మరి పాస్‌వర్డ్ మార్చడానికి అంత భయమెందుకు? దానికి కారణం ఉంది. నేను చూశాను.

ఒక శనివారం రాత్రి మేం ఒక సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ మార్చాం. జాబితాలో ఉన్న తొమ్మిది సర్వర్లలోనూ కొత్తది పెట్టాం. అంతా పచ్చగా కనిపించింది. ఆదివారం ప్రశాంతంగా గడిచింది. పది రోజుల తర్వాత ప్యాచింగ్ కోసం ఇంకో టీమ్ వాళ్లు ఒక సర్వర్‌ను రీబూట్ చేశారు. అది మా జాబితాలో లేని పదో సర్వర్. లేచాక దాని సర్వీస్ మొదలవలేదు. తెర మీద ఎర్రర్ 1069, అంటే లాగిన్ కుదరక సర్వీస్ మొదలుకాలేదని. అప్పటికే లాగిన్ అయి నడుస్తున్న సర్వీస్‌కు పాస్‌వర్డ్ మారిన సంగతి వెంటనే తెలియదు. చేతిలో ఉన్న టికెట్ మీద, తెరిచి ఉన్న కనెక్షన్ల మీద నడుస్తూ పోతుంది. దెబ్బ శనివారం తగిలింది, నొప్పి వేరేవాళ్ల చేతిలో, వేరే రోజున బయటపడింది. కారణం పట్టుకోవడానికి ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ ఆ కంపెనీ గోడౌన్‌లో బిల్లులు అచ్చు కాలేదు.

దీనికి తిరగేసిన జబ్బు కూడా ఉంది. ఎక్కడో మరిచిపోయిన షెడ్యూల్డ్ టాస్క్ పాత పాస్‌వర్డ్‌తో పదేపదే తలుపు కొడుతూ ఉంటుంది. అన్నిసార్లు తప్పు కొట్టేసరికి డైరెక్టరీ ఆ ఖాతాను లాక్ చేసేయొచ్చు. అప్పుడు సరైన పాస్‌వర్డ్ ఉన్న తొమ్మిది సర్వర్లూ కూడా కొత్తగా లాగిన్ కాలేక ఆగిపోతాయి. ఒక్కసారి ఇలాంటి రాత్రి గడిపినవాడు తర్వాత వచ్చిన కుర్రాడికి ముట్టుకోకు అనే చెబుతాడు.

మేం నేర్చుకున్నది ఏమిటంటే, ముందు ఆ ఖాతా ఎక్కడెక్కడ వాడుతున్నారో మనుషులను అడగడం మానేసి లాగ్‌లను అడగాలి. సర్వర్‌లో ప్రతి లాగిన్‌కూ 4624 నంబరు ఈవెంట్ పడుతుంది. అందులో లాగిన్ రకం 5 అంటే సర్వీస్, 4 అంటే షెడ్యూల్డ్ టాస్క్. డొమైన్ కంట్రోలర్‌లో 4768, 4769 ఈవెంట్లు చూస్తే టికెట్ ఏ ఐపీ నుంచి అడిగారో తెలుస్తుంది. వీటిని ఒక వారం చూస్తే సరిపోదు. మూడు నెలలకోసారి నడిచే రిపోర్టులు ఉంటాయి. మన దేశంలో అయితే మార్చి 31 రాత్రి తప్ప మిగతా ఏడాదంతా నిద్రపోయే జాబులు ఉంటాయి.

అప్పుడు కూడా ఉన్న పాస్‌వర్డ్ మార్చడం కంటే పక్కన కొత్త ఖాతా తెరిచి, ఒక్కో సర్వర్‌నూ దాని మీదికి జరపడం మంచిదని నా అభిప్రాయం. అన్నీ జరిగాయనుకున్నాక పాత ఖాతాను డిజేబుల్ చేయాలి, డిలీట్ చేయకూడదు. ఏదైనా ఆగితే ఒక్క క్లిక్కుతో మళ్లీ తెరవొచ్చు. డిలీట్ చేసి అదే పేరుతో ఇంకోటి తెరిస్తే పని జరగదు. హక్కులన్నీ పేరుకు కాక, లోపల ఉండే ఎస్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్యకు కట్టి ఉంటాయి. కొత్త ఖాతాకు కొత్త సంఖ్య వస్తుంది.

జరిపేటప్పుడే హక్కుల సంగతి కూడా తేల్చుకోవాలి. ఏ ప్రోగ్రామ్‌కైనా దాని పనికి కావాల్సినంత హక్కే ఇవ్వాలని జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే రాశారు. మూడేళ్ల తర్వాత నీధమ్‌తో కలిసి టికెట్ల పద్ధతికి పునాది వేసింది ఈ ష్రోడరే. సాల్జర్ తర్వాత ప్రాజెక్ట్ అథీనాకు సాంకేతిక సారథి అయ్యారు. యాభై ఏళ్ల నాటి ఆ మాటను డైరెక్టరీ సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు అందరూ మరిచిపోతారు. ఏ హక్కు చాలకపోయినా ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగుతుంది, అన్ని హక్కులూ ఉండే డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో వేసేస్తే ఏదీ ఆగదు. పాస్‌వర్డ్ రీసెట్ చేసే సాఫ్ట్‌వేర్‌కు ఉద్యోగుల ఖాతాలున్న ఫోల్డర్ మీద రీసెట్ హక్కు ఒక్కటి అప్పగిస్తే చాలు. దాన్ని డైరెక్టరీలో డెలిగేషన్ అంటారు, పట్టే సమయం ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం మిగుల్చుకున్నందుకు, ఊళ్లో ఒక్క రైతు పేరు దిద్దాల్సినవాడి చేతికి పహాణీ మొత్తం ఇచ్చేస్తున్నాం.

ఇంతకంటే మంచి మార్గం, పాస్‌వర్డ్ మనిషికి తెలియాల్సిన అవసరమే లేకుండా చేయడం. డొమైన్‌లో చేరిన ప్రతి విండోస్ కంప్యూటర్‌కూ సొంత ఖాతా ఉంటుంది, దాని పాస్‌వర్డ్‌ను అదే ముప్పై రోజులకోసారి మార్చుకుంటుంది. అదే ఏర్పాటును సర్వీసులకు తెస్తూ సర్వర్ 2012లో గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ వచ్చింది. డొమైన్ కంట్రోలర్ల దగ్గర ఒక మూలకీ ఉంటుంది. ఆ మూలకీ, ఖాతా ఎస్‌ఐడీ, కాలం, ఈ మూడింటి నుంచి కంట్రోలర్ పాస్‌వర్డ్‌ను లెక్కగడుతుంది. ఏ కంట్రోలర్ లెక్కగట్టినా ఒకే జవాబు వస్తుంది. రెండు వందలకు పైగా బైట్ల ఆ పాస్‌వర్డ్‌ను ఊహించడం ఏ యంత్రం వల్లా అయ్యే పని కాదు. ఏ సర్వర్లు దాన్ని అడిగి తీసుకోవచ్చో జాబితా రాసిపెడితే, అవి మాత్రమే తీసుకుంటాయి. ముప్పై రోజులకు అదే మారుతుంది, ఏ శనివారం రాత్రీ ఎవరూ మేలుకోనక్కర్లేదు. మూలకీ మొదటిసారి సృష్టించినప్పుడు మాత్రం పది గంటలు ఆగాలి, అన్ని కంట్రోలర్లకూ అది చేరేదాకా వాడనివ్వదు. తొలిసారి ఇది తెలియక ఏదో చెడిందని కంగారుపడ్డాం. ఆ మూలకీ దొంగ చేతిలో పడితే మాత్రం దాని కింద ఖాతాలన్నీ పోయినట్టే, దాన్ని పట్టినవాడూ అదే లెక్క చేయగలడు కాబట్టి.

అన్ని సాఫ్ట్‌వేర్లూ దీన్ని ఒప్పుకోవు. పాతవి, నెట్‌వర్క్ పెట్టెలు, స్కానర్లు ఇంకా పాస్‌వర్డ్ టైప్ చేయమనే అడుగుతాయి. అలాంటివాటికి వాల్ట్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, పాస్‌వర్డ్‌ను దాచి, మార్చి, అడిగినప్పుడు ఇస్తాయి. అయితే వాల్ట్ తలుపుకూ ఒక తాళంచెవి ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో ఉబర్ నెట్‌వర్క్‌లో చొరబడినవాడు, ఆ కంపెనీ వాల్ట్ అడ్మిన్ పాస్‌వర్డ్ తనకు ఒక షేర్డ్ ఫోల్డర్‌లోని పవర్‌షెల్ స్క్రిప్ట్‌లో దొరికిందని చెప్పుకున్నాడు.

నా 66048 సంగతి 2018లో తేలింది. దాని లాగ్‌లను ఆరు నెలలు చూశాం. వాడుతున్న సర్వర్లు మూడు. రెండింటిని కొత్త మేనేజ్డ్ ఖాతా మీదికి జరిపాం. మూడోది ఒక పాత సర్వర్, రోజూ రాత్రి 2:10కి ఒక స్క్రిప్ట్ నడిపేది. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో డైరెక్టరీలో చేరిన కొత్త ఉద్యోగుల పేర్లు తీసి ఒకాయనకు మెయిల్ చేయడమే దాని పని. ఆ పేర్లు చదవడానికి ఏ మామూలు ఉద్యోగి ఖాతా అయినా సరిపోతుంది. ఈ ఖాతా మాత్రం ఏడేళ్లుగా డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో ఉంది. మెయిల్ అందుకునే ఆయన కోసం వెతికితే, 2013లోనే ఉద్యోగం మానేశాడని తెలిసింది. స్క్రిప్ట్ ఆపేసి, ఖాతాను డిజేబుల్ చేసి, మార్చి 31 దాటేదాకా ఆగాం. ఫోన్ ఏదీ రాలేదు. ఏప్రిల్ రెండో వారంలో డిలీట్ నొక్కేటప్పుడు సీనియర్‌ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయనే నొక్కాడు.